డి.ఓ. చేతి వైద్యం: బల్ల మీద పడుకున్నాక ఏం జరుగుతుంది?

అమెరికాలో ఇన్సూరెన్స్ వాళ్ల సైటులో డాక్టర్ కోసం వెతికేటప్పుడు కొన్ని పేర్ల పక్కన ఎం.డి. బదులు డి.ఓ. అని కనిపిస్తుంది. ఇదేదో హోమియోపతి లాంటిది కాబోలు అనుకుని మనవాళ్లు చాలామంది ఆ పేరు దాటేస్తారు. డి.ఓ. అంటే డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్. ఆస్టియోపతికీ హోమియోపతికీ చివర్లో "పతి" ఉండటం తప్ప ఏ పోలికా లేదు. ఇంకో రకం వాళ్లు ఫోన్లో టకటకా మెడలు విరిచే వీడియోలు చూసి, ఒక్క విరుపుతో పదేళ్ల నడుం నొప్పి ఎగిరిపోతుందని వెళ్తారు. ఆ వీడియోల్లో ఎక్కువ భాగం కైరోప్రాక్టర్లవి, అంటే వెన్ను విరుపులు చేసే వేరే వృత్తివాళ్లవి. డి.ఓ. గదిలో జరిగేది చాలావరకు ఎదురు ప్రశ్నలు, పరీక్షలు, నెమ్మదిగా సాగే చేతిపని. చూసేవాళ్లకు విసుగు పుడుతుంది, అందుకే దాన్ని ఎవరూ వీడియో తీయరు.

ముందు ఆ రెండు అక్షరాల సంగతి. ఆండ్రూ టేలర్ స్టిల్ అనే అమెరికన్ డాక్టర్ 1864లో మెనింజైటిస్‌కి తన ముగ్గురు పిల్లల్ని పోగొట్టుకున్నాడు. పాదరసపు మందులు, రక్తం తీయడం నడుస్తున్న ఆ రోజుల వైద్యం మీద విసిగి 1874లో ఆస్టియోపతి పద్ధతిని ప్రకటించాడు, 1892లో మిస్సోరీలోని కిర్క్స్‌విల్‌లో బడి పెట్టాడు. ఎముకలు, కండరాలు సరిగా కదిలితే దాదాపు ఏ జబ్బయినా నయమవుతుందన్న ఆయన నమ్మకం నిలవలేదు. బడి మాత్రం నిలిచి, పూర్తి స్థాయి వైద్య విద్యగా మారింది. నేడు అమెరికాలో డి.ఓ. అంటే నాలుగేళ్ల మెడికల్ కాలేజీ, ఆపైన రెసిడెన్సీ అనే ఆస్పత్రి శిక్షణ చేసిన డాక్టరే. మందులు రాస్తారు, సర్జరీలు చేస్తారు. 2020 నాటికి ఎం.డి., డి.ఓ. రెసిడెన్సీల గుర్తింపు కూడా ఒకే గొడుగు కిందికి వచ్చింది. తేడా ఏమిటంటే కాలేజీలో సుమారు 200 గంటలు చేతి వైద్యం అదనంగా నేర్చుకుంటారు. దాన్ని అక్కడ ఓ.ఎం.టి. (ఆస్టియోపతిక్ మానిప్యులేటివ్ ట్రీట్‌మెంట్) అంటారు.

నేర్చుకున్నవాళ్లంతా చేస్తారనుకోకండి. చాలామంది డి.ఓ.లు కాలేజీ దాటాక ఆ పని ముట్టుకోరు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "డాక్టర్ ఓ.ఎం.టి. చేస్తారా, కొత్త పేషెంటుకు ఎంతసేపు ఇస్తారు" అని అడగండి. పదిహేను నిమిషాలంటే మందుల చీటీకి తప్ప దేనికీ చాలదు. మొదటిసారికి నలభై నిమిషాల నుంచి గంట కావాలి.

లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో ఉన్నవాళ్లకు కథ వేరు. బ్రిటన్‌లో ఆస్టియోపాత్ డాక్టర్ కాదు, మందులు రాయడు. 1993 నాటి చట్టం ప్రకారం జనరల్ ఆస్టియోపతిక్ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు ఉన్నవాళ్లే ఆ మాట వాడుకోవాలి. ఆ రిజిస్టర్‌ను ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. హైదరాబాద్‌లో బోర్డు మీద ఆస్టియోపాత్ అని కనిపిస్తే, సాధారణంగా ఫిజియోథెరపీ చదివి ఆపైన విడిగా కోర్సు చేసినవాళ్లు. అక్కడ అడగాల్సింది ఆ మొదటి డిగ్రీ గురించి. ఇకనుంచి చెప్పేది ఎక్కువగా అమెరికా క్లినిక్, అందులోనూ నడుం నొప్పి. ఈ వైద్యానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది బాధ అదే.

వెళ్లే రోజు

వదులైన టీ షర్టు, సాగే ప్యాంటు వేసుకోండి. జీన్స్‌తో తుంటి కీలు సగం కూడా తిరగదు. చీరలో వస్తే కుచ్చిళ్లు, బొడ్డు దగ్గర ముడి అన్నీ సరిగ్గా చెయ్యి పెట్టాల్సిన చోటే ఉంటాయి. పంజాబీ డ్రెస్ అయినా పైజామా వదులుగా ఉంటే చాలు. బోర్లా పడుకున్నప్పుడు మంగళసూత్రం, నల్లపూసలు ఛాతీకి గుచ్చుకుంటాయి. తీయడం ఇష్టం లేకపోతే వీపు వైపు తిప్పి వేసుకోవచ్చు, కానీ మెడకు పని ఉంటే అదీ అడ్డమే. తలకు నూనె పెట్టుకుని వెళ్లకండి, మెడ వెనక వేళ్లు జారిపోతాయి. కడుపునిండా తిని రెండు గంటలైనా కాకుండా బోర్లా పడుకోవడం ఎవరికీ సుఖం కాదు. గదిలో తోడు కావాలంటే అడగొచ్చు, ఆడ డాక్టర్ కావాలని ముందే చెప్పొచ్చు. రెండూ మామూలు విషయాలే.

మందుల పేర్లు నోటితో చెప్పడం కన్నా స్ట్రిప్పులే తీసుకెళ్లండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల మాత్రల బ్రాండ్ పేర్లు అక్కడి డాక్టరుకు అర్థం కావు, వెనక ఉన్న మందు పేరు కావాలి. రక్తం పలచబడటానికి వేసుకునేవి, ఆస్తమాకో కీళ్లవాతానికో ఏళ్ల తరబడి వాడిన స్టెరాయిడ్లు తప్పకుండా చెప్పాలి. ఎందుకో కిందికి వస్తే తెలుస్తుంది.

"నరం లాగుతోంది డాక్టర్"

మన భాష వల్ల వచ్చే చిక్కు ఒకటుంది, దీని గురించి ఎవరూ రాయరు. తెలుగులో నరం అంటే నెర్వ్, రక్తనాళం, కండరపు తాడు, ఒక్కోసారి కండరం కూడా. "నరం పట్టేసింది" అని అమ్మ అంటుంది, పక్కనున్న కొడుకు దాన్ని నెర్వ్ పెయిన్ అని ఇంగ్లీషులోకి మారుస్తాడు. డాక్టర్ డిస్క్ నొక్కుతున్న నరం కోసం వెతకడం మొదలుపెడతారు. ఆమెకున్నది పిరుదు పక్కన బిగుసుకున్న కండరం.

కాబట్టి నరం అనే మాటే వదిలేయండి. నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడి దాకా పోతుందో ఒక వేలితో గీసి చూపించమనండి. మోకాలి పైనే ఆగుతుందా, పిక్క దాటి పాదానికి దిగుతుందా అన్నది డాక్టరుకు బంగారం లాంటి సమాచారం. ఆపైన రకం: సలుపా, పోటా, మంటా, కరెంట్ షాక్‌లా కొడుతుందా. తిమ్మిరి, మొద్దుబారడం ఒకటి కావు. తిమ్మిరి అంటే చీమలు పాకినట్టు, మొద్దు అంటే గిల్లినా తెలియకపోవడం. రెండోది ఎక్కువ ముఖ్యం, అనువాదంలో ముందు పోయేదీ అదే. కాలు అన్నమాట కూడా అంతే, తొడ నుంచి పాదం దాకా మనకు అంతా కాలే. ఇంట్లోవాళ్లు అనువదించడం ఇబ్బందైతే, ఫెడరల్ నిధులు తీసుకునే ఆస్పత్రులు, క్లినిక్‌లు ఉచితంగా దుబాసీని ఇవ్వాలి, ఫోన్‌లో తెలుగు వాళ్లు దొరుకుతారు. కోడలి ముందు అత్తగారు, అత్తగారి ముందు కోడలు చెప్పలేని ప్రశ్నలు కూడా వస్తాయి మరి.

ఆ ప్రశ్నలు ఇవి: మూత్రం, మలం అదుపులో ఉన్నాయా, మూత్రం ఆగిపోతోందా? కూర్చునే చోట, మర్మాంగాల చుట్టూ మొద్దుగా ఉందా? రెండు కాళ్లూ బలహీనపడ్డాయా? ఈ మూడింటిలో ఏది కొత్తగా మొదలైనా చేతి వైద్యం మాట పక్కనబెట్టి అదే రోజు ఎమర్జెన్సీకి పంపిస్తారు, పంపించాలి. వెన్ను చివరి నరాల కట్ట నలిగితే గంటల్లో తేల్చాల్సిన పని అది. ఇంకా, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్, పడిపోవడం లాంటివి ఉన్నాయా అని అడుగుతారు. ఇండియా నుంచి వచ్చినవాళ్లయితే సాయంత్రం పూట జ్వరం వస్తోందా అని కూడా అడగాలి. వెన్నుపూసకు టీబీ మన దగ్గర అరుదు కాదు, అమెరికా డాక్టరుకు అది వెంటనే తట్టకపోవచ్చు. అడగకపోతే మీరే చెప్పండి.

ఈ ప్రశ్నలేవీ వేయకుండా నేరుగా బల్ల ఎక్కమన్న మనిషి ఎంత పేరున్నవాడైనా సరే, దిగి వచ్చేయండి.

చూడటం, తాకడం

మొదట నిలబెట్టి వెనక నుంచి చూస్తారు: భుజాల ఎత్తు, తుంటి ఎముక అంచులు, పాదాల వంపు. ముందుకు, వెనక్కి, పక్కలకు వంగమంటారు. కటి ఎముకల వెనక రెండు బొటనవేళ్లు పెట్టి మీరు వంగేటప్పుడు ఏ వేలు ఎక్కువ పైకి పోతుందో చూస్తారు. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి కాలు చాపి పైకి లేపుతారు. సుమారు 30 నుంచి 70 డిగ్రీల మధ్య నొప్పి మోకాలు దాటి కిందికి కొడితే నరం మూలం మీద అనుమానం. తొడ వెనక మాత్రమే లాగితే అది కండరం బిగువు. కాలి బొటనవేలు పైకి ఎత్తి పట్టమంటారు, మునివేళ్ల మీద నిలబడమంటారు, మోకాలి మీద, మడమ వెనక చిన్న సుత్తితో తడతారు. బొటనవేలు బలం తగ్గితే ఒక నరం, మునివేళ్ల మీద లేవలేకపోతే ఇంకో నరం. ఈ భాగం ఎం.డి. చేసినా ఇలాగే ఉంటుంది.

ఆ తర్వాత వేళ్లు వెన్ను పొడవునా నడుస్తాయి. చూసేవి నాలుగు: కండరం ముట్టుకుంటే ఎలా ఉంది, రెండు వైపులా ఒకేలా ఉందా, కీలు ఎంతవరకు కదులుతోంది, నొక్కితే ఎక్కడ నొప్పి. ఇక్కడొక మాట నిక్కచ్చిగా చెప్పాలి. ఇద్దరు డాక్టర్లు ఒకే వీపు తాకి ఒకే మాట చెబుతారన్న నమ్మకం లేదు, బొటనవేళ్ల పరీక్ష లాంటివి మరీ నమ్మలేం. నొప్పి లేనివాళ్లలోనూ ఎత్తుపల్లాలు మామూలే. అందుకే "నాలుగో పూస తిరిగి ఉంది" అన్న మాట విని పూస జారిందని ఇంటికి ఫోన్లు చేయకండి. వాళ్ల పరిభాషలో దాని అర్థం ఆ కీలు ఒక వైపు తక్కువ తిరుగుతోందనే. పూసలు ఇటుకల్లా జరిగిపోయి, ఎవరో తోస్తే మళ్లీ వరసలోకి రావు. పేషెంటుకు ఆ బొమ్మ గీసి భయపెట్టే వైద్యుడి వల్ల నొప్పి కన్నా ఎక్కువ నష్టం జరుగుతుంది.

ఎమ్మారై గురించి కూడా. ప్రమాద సూచనలు లేకపోతే మొదటి ఆరు వారాల్లో అది అక్కర్లేదు. 1994లో అచ్చయిన ఒక పరిశీలనలో నడుం నొప్పి అసలే లేని 98 మందికి ఎమ్మారై తీస్తే సగం మందికి పైగా, 52 శాతంలో, ఏదో ఒక డిస్క్ ఉబ్బి కనిపించింది. విజయవాడలో తీయించిన ఫిల్ములు పట్టుకెళ్లండి, కానీ అందులో రాసిన ప్రతి మాటా మీ నొప్పికి కారణం కాదు.

చేతి పని

నలభై నిమిషాల్లో అసలు చెయ్యి పడేది పదిహేను ఇరవై నిమిషాలే. మొదట వెన్ను పక్క కండరాలను అడ్డంగా నొక్కి, సాగదీసి వదులు చేస్తారు. అది మసాజ్‌లా అనిపిస్తుంది, చాలావరకు అదే కూడా.

ఆ తర్వాత వచ్చేదాన్ని మజిల్ ఎనర్జీ అంటారు, పనిలో సగం పేషెంటుదే. ఉదాహరణకు తొడ వెనక కండరం: కాలు ఎత్తి ఇక సాగదు అన్నచోట ఆపుతారు. మడమతో డాక్టర్ భుజాన్ని కిందికి తోయమంటారు, డాక్టర్ కదలనివ్వరు. మూడు నుంచి అయిదు సెకన్లు. వదిలేయమంటారు, రెండు సెకన్లు ఆగి కాలు ఇంకాస్త పైకి, కొత్త హద్దు దాకా. ఇలా మూడు నుంచి అయిదు సార్లు. తప్పు జరిగేది ఇక్కడే. తోయమనగానే మనవాళ్లు, ముఖ్యంగా మగవాళ్లు, కుస్తీకి దిగుతారు. కావాల్సింది మీ బలంలో అయిదో వంతు. గట్టిగా తోస్తే పక్క కండరాలన్నీ సాయానికి వచ్చి అసలు కండరం వదులవదు, మర్నాడు ఒళ్ళు నొప్పులు అదనం. ఊపిరి బిగబట్టడం ఇంకో తప్పు. బీపీ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త.

కౌంటర్‌స్ట్రెయిన్ దీనికి పూర్తి వ్యతిరేకం, పేషెంటు ఏమీ చేయకూడదు. నొక్కితే ప్రాణం పోయేంత నొప్పిగా ఉండే చిన్న చోటు ఒకటి వెతుకుతారు. దాన్ని పది అనుకోండి అంటారు. కాలో నడుమో మడిచి, తిప్పి, ఆ పది మూడుకు గానీ అంతకన్నా కిందికి గానీ దిగే భంగిమ దొరికాక 90 సెకన్లు అలాగే పట్టుకుంటారు. తర్వాత చాలా నెమ్మదిగా మామూలు స్థితికి తెస్తారు. బరువంతా డాక్టర్ చేతిలో వదిలేయాలి. సాయం చేద్దామని కాలు మీరే ఎత్తి పట్టుకున్నా, అయిపోయింది కదా అని చటుక్కున లేచినా కండరం మళ్లీ బిగుస్తుంది. నొప్పి తీవ్రంగా ఉన్నవాళ్లకు, పెద్దవయసు వాళ్లకు అనువైన పద్ధతి ఇదే. బయటినుంచి చూస్తే ఏమీ చేయనట్టే ఉంటుంది. డబ్బులిచ్చి కాలు పట్టించుకున్నామని సణుగుతూ వెళ్లేవాళ్లూ ఉన్నారు.

టక్కుమనే విరుపు ఆఖర్న, అదీ అవసరమైతేనే. పక్కకు పడుకోబెట్టి పై కాలు మోకాలి దగ్గర మడిచి, పాదాన్ని కింది మోకాలి వెనక తగిలిస్తారు. భుజం వెనక్కి, తుంటి ముందుకు తిప్పి, బిగువంతా ఒక్క కీలు దగ్గరికి చేర్చి, ఊపిరి వదిలే క్షణంలో చిన్న, వేగమైన తోపు. కదిలేది కొన్ని మిల్లీమీటర్లు. ఆ చప్పుడు కీలు ద్రవంలో వాయువు వల్ల వచ్చేది, ఎముక చోటుకు చేరిన చప్పుడు కాదు. ఒకసారి అయ్యాక ఇరవై నిమిషాల దాకా అదే కీలు మళ్లీ మోగదు. మోగకపోయినా పని అయి ఉండొచ్చు. మెటికలు విరిస్తే కీళ్లు అరుగుతాయని పెద్దలు తిడతారు కదా, డొనాల్డ్ ఉంగర్ అనే అమెరికన్ డాక్టర్ అరవై ఏళ్ల పాటు ఒక చేతి మెటికలే విరుచుకుని, రెండు చేతుల్లో తేడా కనబడలేదని రాసి 2009లో ఇగ్ నోబెల్ బహుమతి (నవ్వించి, ఆపైన ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చేది) తీసుకున్నాడు.

తల ఎముకల లయ పట్టుకుంటామని పుర్రె మీద వేళ్లు పెట్టి కూర్చునే పద్ధతి కూడా డి.ఓ.లలో ఉంది. పరిశోధనల్లో ఒకే తల పట్టుకున్న ఇద్దరు ఆ లయకు ఒకే లెక్క చెప్పలేకపోయారు. హాయిగా ఉంటుంది, నిద్ర పడుతుంది. నడుం నొప్పికి దాని మీద డబ్బు పెట్టమని మాత్రం ఈ బ్లాగు చెప్పదు. పసిపిల్లల ఏడుపుకూ అంతే.

పని అయ్యాక మొదట చేసిన పరీక్షే మళ్లీ చేయాలి, వంగడం, కాలు లేపడం. ముందూ వెనకా తేడా చూపించకపోతే మీరే అడగండి. చివర్లో రెండు మూడు వ్యాయామాలు నేర్పి, ఎన్నిసార్లో రాసిస్తారు. అసలు సరుకు అదే. చేతి పని ఇచ్చే వదులు కొన్ని గంటలో కొన్ని రోజులో ఉంటుంది, ఆ సమయంలో మీరు కదలడం మొదలుపెట్టాలి.

ఆ రాత్రి, ఆ వారం

ఒకటి రెండు రోజులు పచ్చిగా, అలసటగా ఉండటం చాలామందికి మామూలు. 48 గంటలు దాటినా పెరుగుతుంటే ఫోన్ చేయండి. కొత్తగా కాలు మొద్దుబారినా, బలం తగ్గినా ఆగకుండా వెళ్లండి. మంచి నీళ్లు బాగా తాగితే విషాలు బయటికి పోతాయని రిసెప్షన్‌లో చెబుతారు, ఆ విషాలేమిటో ఎవరూ చెప్పలేరు. దాహమైతే తాగండి. పదిహేను ఇరవై నిమిషాలు వేడి కాపడం పెట్టొచ్చు, షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్లు బొబ్బలు రాకుండా ఒళ్ళు చూసుకోవాలి. మంచం ఎక్కి పడుకోవడం కన్నా పది నిమిషాల చొప్పున నాలుగైదు సార్లు నడవడం మేలు. నొప్పి తగ్గింది కదా అని ఆ రోజే సూట్‌కేసులు తూచడం, మూడు గంటలు కారు నడపడం పెట్టుకుంటే మళ్లీ మొదటికి వస్తుంది.

ఎన్నిసార్లు వెళ్లాలి? వారానికో రెండు వారాలకో ఒకసారి, మొత్తం మూడు నుంచి ఆరు. మూడు నాలుగు సార్లకు ఏ మార్పూ లేకపోతే జబ్బు పేరునే మళ్లీ ఆలోచించాలి. ఇరవై సిట్టింగుల ప్యాకేజీ ముందే అమ్మేవాళ్ల దగ్గర పర్సు మూసేయండి.

ఎంత ఆశించొచ్చు అన్నదానికి రెండు ప్రయోగాలు గుర్తుంచుకుంటే చాలు. 1999లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చినదాంట్లో కొన్ని వారాలుగా నడుం నొప్పి ఉన్నవాళ్లలో డి.ఓ. చేతి వైద్యం, మామూలు వైద్యం దాదాపు ఒకే ఫలితమిచ్చాయి. చేతి వైద్యం గుంపు మందులు తక్కువ వాడింది. 2021లో ఫ్రాన్స్ నుంచి 400 మందితో వచ్చినదాంట్లో ఉత్తుత్తి చేతి పనితో పోలిస్తే అసలుది కాస్త మెరుగే, కానీ రోజువారీ జీవితంలో తెలిసేంత కాదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే సంస్థ నైస్ మార్గదర్శకాలు 2016 నుంచి ఒకే మాట అంటున్నాయి: చేతి వైద్యం చేయించుకోవచ్చు, వ్యాయామంతో కలిపితేనే.

బిల్లు విషయం. ఓ.ఎం.టి.కి డాక్టర్ విజిట్‌తో పాటు విడిగా కోడ్ పడుతుంది, 98925 నుంచి 98929 దాకా. ఒళ్ళును పది భాగాలుగా లెక్కేసి, ఒకటి రెండు భాగాలకైతే మొదటిది, తొమ్మిది పది భాగాలకైతే ఆఖరిది. నడుం నొప్పితో వెళ్తే 98929 పడిందంటే ఏయే భాగాలు చూశారో అడగండి. కోపే (ప్రతి విజిట్‌కు మనం కట్టే మొత్తం) ఒకటే అనుకుని వెళ్లి, డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టేలోపు మనమే కట్టాల్సింది) కింద రెండో లైను చూసి గుండె గుభేలుమన్నవాళ్లు ఎక్కువ. అమ్మానాన్నల విజిటర్ ఇన్సూరెన్స్ పాత నడుం నొప్పిని సాధారణంగా ఇదివరకే ఉన్న జబ్బు కింద కొట్టేస్తుంది. క్యాష్ రేటు ముందే కనుక్కోండి.

ఇక ఎవరికి విరుపు వద్దో. ఎముకలు గుల్లబారినవాళ్లకు వద్దు; ముట్లాగిన అమ్మలకు, ఏళ్ల తరబడి స్టెరాయిడ్ వాడినవాళ్లకు ఎముకల సాంద్రత పరీక్ష అయ్యేదాకా వద్దు. పూస నలిగిపోవచ్చు. రక్తం పలచబడే మందుల మీద ఉన్నవాళ్లకు, ఎముకలో క్యాన్సర్ ఉన్నవాళ్లకు వద్దు. రుమటాయిడ్ కీళ్లవాతం, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో మెడ పైపూసల కట్టు వదులుగా ఉండొచ్చు కాబట్టి అక్కడ అసలే వద్దు. వీళ్లందరికీ నెమ్మది పద్ధతుల్లో ఏది పనికొస్తుందో డాక్టర్ చూసి చెబుతారు.

మెడ సంగతి ఆరోగ్యవంతులకూ వేరే. మెడను వేగంగా తిప్పి విరిచినప్పుడు మెదడుకు వెళ్లే రక్తనాళం లోపలి పొర చీలి పక్షవాతం రావడం చాలా అరుదు, కానీ వచ్చిన సందర్భాలున్నాయి. కొందరిలో ఆ చీలిక ముందే మొదలై, దాని నొప్పితోనే బల్ల ఎక్కి ఉంటారు. ఎప్పుడూ లేనంత కొత్త మెడ నొప్పి, దానికి తోడు తల తిరగడం, రెండుగా కనపడటం, మాట తడబడటం, మింగలేకపోవడం, ముఖం మొద్దుబారడం ఉంటే మెడ మీద ఎవరి చెయ్యీ పడకూడదు, ఎమర్జెన్సీకే. మంగలి షాపులో తల మసాజ్ అయ్యాక ఉచితంగా ఇచ్చే విరుపుకూ ఇదే వర్తిస్తుంది, అక్కడ ఈ ప్రశ్నలు అడిగేవాళ్లు కూడా ఉండరు. డి.ఓ. దగ్గర మెడకు విరుపు వద్దనుకుంటే బల్ల ఎక్కకముందే "నో థ్రస్ట్ ఆన్ ద నెక్" అనండి. మెడకు మజిల్ ఎనర్జీ, కౌంటర్‌స్ట్రెయిన్ రెండూ పనిచేస్తాయి, వాటితో మొదలుపెట్టమని అడగొచ్చు.